ఓపీఎఫ్‌లో జనరేటర్లకు పవర్ ఫ్యాక్టర్ హద్దులు పెట్టడం: పని డైరీ

ఆప్టిమల్ పవర్ ఫ్లో, అంటే ఓపీఎఫ్ లెక్కలో (గ్రిడ్ హద్దులు దాటకుండా అతి తక్కువ ఖర్చుతో ఏ జనరేటర్ ఎంత ఇవ్వాలో తేల్చే లెక్క ఇది) జనరేటర్ ఏ పవర్ ఫ్యాక్టర్ దాటి పోకూడదో చెప్పవలసిన అవసరం వచ్చినవారి కోసం ఈ డైరీ రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ పట్టికల్లో పీ (మెగావాట్లలో కొలిచే, నిజంగా పనిచేసే పవర్) హద్దులు, క్యూ (ఎంవార్‌లలో కొలిచే రియాక్టివ్ పవర్) హద్దులు విడివిడిగా ఉంటాయి కానీ ఆ రెండింటి నిష్పత్తికి గడి ఉండదు. ఆ లోటు పూడ్చబోయి నేను చేసిన తప్పులన్నీ చేసిన క్రమంలోనే ఇక్కడ ఉన్నాయి. ఒక్కొక్క దశ చివర ఎన్ని రన్‌లు నడిపానో, వాటిలో ఎన్ని కన్వర్జ్ అయ్యాయో (అంటే జవాబు దగ్గర స్థిరపడ్డాయో), ఎన్ని గంటలు పట్టిందో మొత్తం రాశాను.

దశ 0: సామగ్రి, మొదటి కొలత

పని జరిగింది విశాఖపట్నంలో, సీతమ్మధారలోని మా ఇంట్లో, ఒక పాత ల్యాప్‌టాప్ మీద. ఆక్టేవ్ అనే గణిత సాఫ్ట్‌వేర్, దాని మీద నడిచే విద్యుత్ లెక్కల ప్యాకేజీ మ్యాట్‌పవర్ 7, దానితో వచ్చే మిప్స్ సాల్వర్ (జవాబు వెతికే ప్రోగ్రాం), చేతిలెక్కకు ఒక నోటుపుస్తకం వాడాను. 500 మెగావాట్ల థర్మల్ యూనిట్లు, ఒక జలవిద్యుత్ కేంద్రం, 25 మెగావాట్ల సౌర కేంద్రం ఉన్న చిన్న ఉత్తరాంధ్ర తరహా నమూనాను నడపడం నా అసలు ఉద్దేశం. సింహాద్రి థర్మల్ కేంద్రంలో 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు ఉన్నాయనీ, అక్కడి జలాశయం మీద 2021లో 25 మెగావాట్ల తేలియాడే సౌర ఫలకాలు వచ్చాయనీ అందరికీ తెలిసినదే. అక్కడి నుంచి నేను తీసుకున్నవి ఈ రేటింగులు మాత్రమే. మిగిలిన నెట్‌వర్క్ వివరాలు నేను కల్పించుకున్నవి కనుక ఫలితాలను ఏ వాస్తవ కేంద్రానికీ అన్వయించకూడదు.

ముందు పరీక్షగా అందరి దగ్గరా దొరికే ఐఈఈఈ 14 బస్సుల కేసును (బస్సు అంటే గ్రిడ్‌లో లైన్లు, యంత్రాలు, లోడ్లు కలిసే కూడలి) ఏ మార్పూ లేకుండా నడిపాను. ఖర్చు గంటకు 8081.53 వచ్చింది. అయిదు జనరేటర్ల ఫలితం ఇది.

1వ బస్సు: 194.33 మెగావాట్లు, 0 ఎంవార్.
2వ బస్సు: 36.72 మెగావాట్లు, 23.69 ఎంవార్. పవర్ ఫ్యాక్టర్ 0.840.
3వ బస్సు: 28.74 మెగావాట్లు, 24.13 ఎంవార్. పవర్ ఫ్యాక్టర్ 0.766.
6వ బస్సు: 0 మెగావాట్లు, 11.55 ఎంవార్. పవర్ ఫ్యాక్టర్ సున్నా.
8వ బస్సు: 8.49 మెగావాట్లు, 8.27 ఎంవార్. పవర్ ఫ్యాక్టర్ 0.716.

మన దేశంలో గ్రిడ్ కనెక్టివిటీకి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2007లో తెచ్చిన సాంకేతిక ప్రమాణాల ప్రకారం థర్మల్ యూనిట్ తన రేటెడ్ ఉత్పత్తి వద్ద 0.85 ల్యాగింగ్ (జనరేటర్ క్యూ ఇచ్చే వైపు) నుంచి 0.95 లీడింగ్ (క్యూ తీసుకొనే వైపు) వరకు పనిచేయగలగాలి. ఈ సంఖ్యలను నేరుగా షరతుగా పెడితే పై అయిదింటిలో నాలుగు తప్పినట్టే. ఆ వాక్యంలోని ‘రేటెడ్ ఉత్పత్తి వద్ద’ అన్న మాటను నేను అప్పుడు పట్టించుకోలేదు. దాని ఫలితం అయిదో దశలో అనుభవించాను.

ఇప్పటివరకు: రన్‌లు 2, కన్వర్జ్ అయినవి 2, కాలం గంటన్నర.

దశ 1: కోడ్ రాయకుండా చేయబోయిన ప్రయత్నం

మ్యాట్‌పవర్ జనరేటర్ పట్టికలో 11 నుంచి 16 వరకు ఉన్న నిలువు వరుసలు క్యాపబిలిటీ వక్రానివి, అంటే ఏ పీ వద్ద యంత్రం ఎంత క్యూ ఇవ్వగలదో, తీసుకోగలదో చెప్పే గీతవి. రెండు పీ విలువలు ఇచ్చి, ఒక్కొక్క దాని వద్ద క్యూ కనిష్ఠం, గరిష్ఠం ఇస్తే మధ్యలో గీతలు అదే గీస్తుంది. నాకు కావలసింది కూడా గీతలే. పీ సున్నా వద్ద క్యూ సున్నా, పీ పెరిగేకొద్దీ క్యూ హద్దు రెండు వైపులా వెడల్పయ్యే ఆకారం, అంటే పిడి దగ్గర ఇరుకై పైకి విచ్చుకున్న విసనకర్ర. అందుకే మొదటి బిందువులో సున్నాలు, రెండో బిందువులో గరిష్ఠ పీ విలువను పవర్ ఫ్యాక్టర్ కోణపు టాంజెంటుతో (హద్దు వద్ద క్యూని పీతో భాగిస్తే వచ్చే విలువతో) గుణించిన సంఖ్యలు వేశాను.

సాల్వర్ దాకా పోనే లేదు. రెండో బిందువు వద్ద క్యూ గరిష్ఠం మొదటి బిందువు వద్ద ఉన్నదానికంటే ఎక్కువగా ఉందని తప్పు చూపి ఆగిపోయింది. అయిదుసార్లు సంఖ్యలు మార్చి చూసిన తరువాత ఆ తనిఖీ రాసిన ఫైలు తెరిచి చదివితే విషయం తెలిసింది. పీ పెరిగేకొద్దీ క్యూ హద్దు ఇరుకు కావాలే తప్ప వెడల్పు కాకూడదని ఆ వరుసల నియమం. సింక్రనస్ యంత్రం (థర్మల్, జల కేంద్రాల్లో తిరిగే జనరేటర్) స్వభావం అదే కనుక రాసినవారు అలా కట్టుదిట్టం చేశారు. నేను ఇస్తున్న ఆకారం దానికి సరిగ్గా తలకిందులు. అది యంత్రం గురించి నాకు అందిన మొదటి హెచ్చరిక అని ఇప్పుడు అనిపిస్తుంది కానీ, ఆ రోజు దాన్ని సాఫ్ట్‌వేర్ పరిమితిగా మాత్రమే తీసుకొని వేరే దారి వెతికాను.

ఇప్పటివరకు: రన్‌లు 7, కన్వర్జ్ అయినవి 2, కాలం 3 గంటలు.

దశ 2: వర్గాల రూపంలో రాసిన షరతు

పవర్ ఫ్యాక్టర్ అంటే పీని, పీ వర్గం క్యూ వర్గం మొత్తానికి వర్గమూలంతో భాగించడం. పీ, క్యూ రెండూ సున్నా అయితే ఆ భాగహారానికి అర్థం లేదు. అందుకని భాగహారం లేకుండా పీ వర్గం ≥ 0.7225 × (పీ వర్గం + క్యూ వర్గం) అని రాసి, నాన్‌లీనియర్ షరతుగా జోడించాను. 0.7225 అంటే 0.85 వర్గం.

పదకొండు రన్‌లలో నాలుగే కన్వర్జ్ అయ్యాయి. ఆ నాలుగూ ప్రారంభ విలువగా ప్రతి యంత్రానికీ 10 మెగావాట్లకు మించి ఇచ్చినవి. మిగతావాటిలో సాల్వర్ వేసే అడుగులు చిన్నవై, ఇంకా చిన్నవై, చివరకు సంఖ్యాపరంగా విఫలమైందన్న సందేశంతో ఆగిపోయాయి. కారణాలు మూడు కనిపించాయి.

1. పీ, క్యూ రెండూ సున్నా అయిన చోట ఈ షరతు వాలు కూడా సున్నా. ఎటు కదిలితే షరతు తీరుతుందో సాల్వర్‌కు దిక్కు తెలియదు. ఆరో బస్సు యంత్రం చేరదలచుకున్నది సరిగ్గా ఆ మూలకే.

2. వర్గం చేసిన తరువాత పీ రుణాత్మకమైనా షరతు తీరిపోతుంది. అంటే ఒక విసనకర్రకు బదులు ఎదురెదురుగా రెండు విసనకర్రలు వచ్చాయి.

3. ల్యాగింగ్ వైపు 0.85, లీడింగ్ వైపు 0.95 అని వేర్వేరుగా చెప్పే వీలు ఒకే వర్గ సమీకరణంలో లేదు.

ఈ దారి పూర్తిగా వదిలేశాను. ఎవరూ ఇటు రానక్కరలేదు.

ఇప్పటివరకు: రన్‌లు 18, కన్వర్జ్ అయినవి 6, కాలం 8 గంటలు.

దశ 3: రెండు సరళరేఖలు

నాన్‌లీనియర్‌గా కనిపించే ఈ షరతు నిజానికి సరళరేఖలే. పవర్ ఫ్యాక్టర్ 0.85కు తగ్గకూడదంటే క్యూని పీతో భాగించిన విలువ 0.6197 దాటకూడదు. పీ ధనాత్మకం అని తెలిసినప్పుడు దాన్ని అటు గుణిస్తే చాలు. ప్రతి యంత్రానికీ రెండు వరుసలు వస్తాయి.

1. క్యూ − 0.6197 × పీ ≤ 0. ఇది ల్యాగింగ్ హద్దు.

2. క్యూ + 0.3287 × పీ ≥ 0. ఇది లీడింగ్ హద్దు, 0.95కు.

అయిదు యంత్రాలకు పది వరుసలు, అయిదు పీలూ అయిదు క్యూలూ కలిపి పది నిలువు వరుసలు. మ్యాట్‌పవర్‌లో సమస్యను కట్టే దశలో మన ఫంక్షన్‌ను పిలిపించుకొనే ఏర్పాటు ఉంది. అక్కడ ఈ మాత్రికను లీనియర్ షరతుగా చేర్చాను. లోపల పీ, క్యూలు 100 ఎంవీఏ (పీ, క్యూ కలిసిన మొత్తం పవర్ కొలత) మీద పర్ యూనిట్‌లో, అంటే 100తో భాగించిన విలువలుగా ఉంటాయి. మన గీతలు మూలబిందువు గుండా పోతాయి కనుక ఇక్కడ ఆ తేడా పడదు. కానీ ఎవరైనా కుడివైపు సున్నాకు బదులు 20 ఎంవార్ వంటి విలువ వేయదలిస్తే దాన్ని 0.2 అని వేయాలి.

ఇక్కడ రెండు తప్పులు చేశాను. మొదటిది కోణానిది. 0.95కు కోణం 18.19 డిగ్రీలు అని నోటుపుస్తకంలో ఉంటే, దాన్నే తీసుకొని ఆక్టేవ్‌లో టాంజెంట్ అడిగాను. ఆక్టేవ్ దాన్ని రేడియన్లుగా తీసుకొని సుమారు −0.78 ఇచ్చింది. విసనకర్ర తిరగబడి, పీ సున్నా కంటే ఎంత ఎక్కువైనా షరతు తీరని స్థితి వచ్చింది. అప్పటి నుంచి కోణం జోలికే పోవడం లేదు. పవర్ ఫ్యాక్టర్ వర్గాన్ని 1 నుంచి తీసివేసి, వర్గమూలం కట్టి, పవర్ ఫ్యాక్టర్‌తో భాగిస్తే టాంజెంట్ వస్తుంది. 0.95కు 0.3287, 0.90కి 0.4843, 0.85కు 0.6197, 0.80కి 0.75.

రెండోది గుర్తు తప్పు. జనరేటర్ ల్యాగింగ్‌లో ఉందంటే అది గ్రిడ్‌కు రియాక్టివ్ పవర్ ఇస్తోంది, అంటే క్యూ ధనాత్మకం. లోడ్ దృష్టితో ఆలోచించే అలవాటు వల్ల నేను 0.85ని కింది గీతకు, 0.95ని పై గీతకు వేశాను. ఈ తప్పు సందేశం ఏదీ ఇవ్వకుండా కన్వర్జ్ అవుతుంది కాబట్టి చాలా ప్రమాదకరం. లెక్క పూర్తయ్యాక ప్రతి యంత్రానికీ క్యూని పీతో భాగించి అచ్చువేసే నాలుగు వరుసల కోడ్ రాసుకున్న తరువాతే అది దొరికింది.

రెండూ సరిచేసి 14 బస్సుల కేసును మళ్ళీ నడిపాను. కన్వర్జ్ అయింది. ఖర్చు స్వల్పంగా మాత్రమే పెరిగింది. దాంతో పని అయిపోయిందనుకున్నాను.

ఇప్పటివరకు: రన్‌లు 27, కన్వర్జ్ అయినవి 12, కాలం 12 గంటలు.

దశ 4: చేతిలెక్కతో సరిచూడడం

కన్వర్జ్ అయినంత మాత్రాన సరైన జవాబు అని నమ్మడం నాకు ఇష్టం లేదు. కాబట్టి కాగితం మీద పూర్తిగా తేలే చిన్న కేసు ఒకటి తయారుచేశాను. దీన్ని చదివేవారు తప్పక ఒకసారి చేసి చూడాలని కోరుతున్నాను, ఎందుకంటే ఈ షరతు ధరలను ఏం చేస్తుందో ఇందులో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

లోడ్ 100 మెగావాట్లు, 40 ఎంవార్. మొదటి యంత్రం ఖర్చు యూనిట్‌కు 3 రూపాయలు, హద్దు 0.95. రెండోది యూనిట్‌కు 5 రూపాయలు, హద్దు 0.85. లైను నష్టాలు లేవనుకుందాం.

పవర్ ఫ్యాక్టర్ షరతు లేకపోతే మొదటి యంత్రమే మొత్తం ఇస్తుంది. ఖర్చు గంటకు 3,00,000 రూపాయలు. షరతు పెడితే మొదటి యంత్రం 100 మెగావాట్ల వద్ద కూడా 32.87 ఎంవార్‌కు మించి ఇవ్వలేదు. ఇంకా 7.13 ఎంవార్ లోటు. ఆ లోటు తీర్చడానికి రెండో యంత్రాన్ని ఎత్తాలి, అది ఇచ్చే క్యూ కూడా దాని పీకి ముడిపడి ఉంది.

1. 0.3287 × పీ1 + 0.6197 × (100 − పీ1) = 40 అని రాస్తే, పీ1 = 75.50 మెగావాట్లు, పీ2 = 24.50 మెగావాట్లు.

2. క్యూ1 = 24.82, క్యూ2 = 15.18. మొత్తం 40.

3. ఖర్చు గంటకు 3,49,004 రూపాయలు. అంటే 7.13 ఎంవార్ కోసం గంటకు 49,004 రూపాయలు అదనం.

ఇక ధరలు, అంటే బస్సు వద్ద లోడ్ కొంచెం పెరిగితే ఖర్చు ఎంత పెరుగుతుందో చెప్పే సంఖ్యలు. యంత్రం హద్దు మీద ఉన్నప్పుడు దాని యూనిట్ ఖర్చు, బస్సు వద్ద పీ ధరకు టాంజెంటుతో గుణించిన క్యూ ధరను కలిపిన మొత్తానికి సమానం అవుతుంది. రెండు యంత్రాలకు రెండు సమీకరణాలు. విడదీస్తే క్యూ ధర 6.87 రూపాయలు, పీ ధర 74 పైసలు. లోడ్ మొత్తానికి ఈ ధరలు కడితే 100 × 0.7415 + 40 × 6.8714, అంటే గంటకు 349.0 వేల రూపాయలు. ఖర్చుతో సరిపోయింది.

మూడు రూపాయల యంత్రం, అయిదు రూపాయల యంత్రం రెండూ నడుస్తూ ఉండగా కరెంటు ధర 74 పైసలేమిటని నేను చాలాసేపు కాగితం వైపే చూశాను. తప్పేమీ లేదు. ఈ వ్యవస్థలో అసలు కొరత రియాక్టివ్ పవర్‌ది. ఎవరైనా ఒక మెగావాట్ అదనంగా వాడుకుంటే ఆ మెగావాట్‌తో పాటు క్యూ ఇచ్చే వీలు కూడా పెరుగుతుంది కాబట్టి, వ్యవస్థకు ఆ మెగావాట్ భారం తక్కువ. పవర్ ఫ్యాక్టర్ షరతు పెట్టిన లెక్కలో పీ ధరలు వింతగా కనిపిస్తే ముందు చూడవలసింది క్యూ ధరను.

సాఫ్ట్‌వేర్‌లో రెండు బస్సుల మధ్య రియాక్టెన్స్ 0.0001 పెట్టి నడిపితే పీ1 75.48 వచ్చింది. తేడా ఆ లైను తినే కొద్దిపాటి రియాక్టివ్ పవర్‌ది. షరతు వరుసల మల్టిప్లయర్ (షరతును కొంచెం సడలిస్తే ఖర్చు ఎంత తగ్గుతుందో చెప్పే సంఖ్య) మాత్రం 6,87,000 పైచిలుకు కనిపించి కంగారు పెట్టింది. అది పర్ యూనిట్ విలువకు వచ్చిన సంఖ్య. దాన్ని 100తో భాగిస్తే ఎంవార్‌కు 6,870 రూపాయలు, అంటే కాగితం మీది 6.87 రూపాయలే.

తరువాత లోడ్ బస్సు వద్ద 7.2 ఎంవార్ కెపాసిటర్ పెట్టాను. బస్సు పట్టికలో ఆరో నిలువు వరుస. ఖర్చు తిరిగి 3,00,000కు వచ్చింది. అయితే కెపాసిటర్ ఇచ్చే క్యూ ఓల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది కనుక ఆ బస్సు ఓల్టేజిని 1.0 వద్ద బిగించి చూశాను. బిగించకపోతే సాల్వర్ ఓల్టేజిని పైకి లాగి అదే కెపాసిటర్ నుంచి ఎక్కువ పిండుకుంటుంది, అప్పుడు చేతిలెక్కతో పోల్చలేం.

ఇప్పటివరకు: రన్‌లు 33, కన్వర్జ్ అయినవి 18, కాలం 15 గంటలన్నర.

దశ 5: షరతే తప్పని తెలియడం

గాజువాకలో ఉండే మా పెద్దమ్మగారి అబ్బాయి, నాకు అన్నయ్య, ఒక థర్మల్ కేంద్రంలో కంట్రోల్ రూములో పనిచేసి రిటైరయ్యాడు. ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు 14 బస్సుల ఫలితం చూపించాను. చదివి, ‘మేము యూనిట్ నడిపినన్నాళ్ళూ పవర్ ఫ్యాక్టర్ మీటరు చూసి నడపలేదురా తమ్ముడూ. ఎంవార్ మీటరు, ఫీల్డు కరెంటు, స్టేటర్ ఉష్ణోగ్రత, ఇవే చూసేవాళ్ళం. రాత్రి లోడు తగ్గించినప్పుడు యంత్రానికి ఎంవార్ ఇచ్చే శక్తి పెరుగుతుంది కానీ తగ్గదు కదా? నీ గీత తగ్గిస్తోందేమిటి?’ అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అతడు వెళ్ళాక లెక్కవేశాను. 500 మెగావాట్ల యూనిట్‌కు 0.85 వద్ద రేటింగ్ 588 ఎంవీఏ. నిండు లోడ్ వద్ద క్యూ హద్దు 310 ఎంవార్. ఇక్కడ గీత, యంత్రం రెండూ ఒకే మాట చెబుతాయి. ఇప్పుడు అదే యూనిట్‌ను 55 శాతానికి, అంటే 275 మెగావాట్లకు దించితే:

1. నా విసనకర్ర గీత ప్రకారం హద్దు 0.6197 × 275, అంటే 170 ఎంవార్.

2. స్టేటర్ (యంత్రంలో కదలని భాగం) భరించే ఎంవీఏ వలయం ప్రకారం 520 ఎంవార్.

3. రోటార్ (తిరిగే భాగం) ఫీల్డు కరెంటు హద్దు ప్రకారం, సింక్రనస్ రియాక్టెన్స్ 2.0 పర్ యూనిట్ అనుకుంటే, 440 ఎంవార్.

నిజమైన హద్దు వీటిలో చివరిది. నేను యంత్రం నుంచి 270 ఎంవార్ లాక్కొని పారేశాను. అదీ రాత్రిపూట, రియాక్టివ్ పవర్ లెక్కలు సున్నితంగా ఉండే వేళ. నియమంలో ఉన్న 0.85 ‘రేటెడ్ ఉత్పత్తి వద్ద ఇంత చేయగలగాలి’ అని యంత్రం కొనేవాడికి, కట్టేవాడికి చెప్పిన మాట. నడిపేటప్పుడు ప్రతి మెగావాట్ వద్దా దాటరాని గీత కాదు. చేయగలగవలసిన కనిష్ఠాన్ని నేను దాటకూడని గరిష్ఠంగా చదివాను.

అదే చూపుతో 14 బస్సుల కేసును మళ్ళీ చూశాను. ఆ కేసు 1962 ఫిబ్రవరి నాటి అమెరికా విద్యుత్ వ్యవస్థలో ఒక భాగం. అందులో 3, 6, 8 బస్సుల్లో ఉన్నవి సింక్రనస్ కండెన్సర్లు, అంటే మెగావాట్లు ఇవ్వకుండా రియాక్టివ్ పవర్ కోసమే తిరిగే యంత్రాలు. మ్యాట్‌పవర్ ఫైలులో వాటికి 100 మెగావాట్ల గరిష్ఠం రాసి ఉంది కనుక అవి జనరేటర్లలా కనిపిస్తాయి. పవర్ ఫ్యాక్టర్ సున్నాగా ఉండడమే వాటి ఉద్యోగం. వాటికి నేను 0.85 షరతు పెట్టాను.

షరతు కొత్తగా అడ్డుపడిన ఎంవార్లను కూడితే, రెండో బస్సులో 0.93, మూడో దానిలో 6.32, ఆరో దానిలో 11.55, ఎనిమిదో దానిలో 3.01, మొత్తం 21.81. అయినా ఖర్చు పెద్దగా పెరగకపోవడానికి కారణం ఉంది. ఆరో బస్సులో పీ ధర 39.73, ఆ యంత్రం ఖర్చు 40. తేడా 0.27 మాత్రమే కనుక, క్యూ ఇవ్వడానికి అనుమతి కోసం దాన్ని కొన్ని మెగావాట్లు నడిపించడం సాల్వర్‌కు చౌక. ఇంధన ఖర్చు ఎక్కువ ఉన్న వ్యవస్థలో ఇదే తప్పు లక్షల్లో కనిపించేది. ఇక్కడ ఖర్చు స్వల్పంగా పెరగడమే తప్పును నా కంటపడనీయలేదు.

ఇప్పటివరకు: రన్‌లు 38, కన్వర్జ్ అయినవి 23, కాలం 19 గంటలు.

దశ 6: యంత్రాన్ని బట్టి షరతు

మొదటి దశలో నన్ను ఆపిన ఆ ఆరు నిలువు వరుసల దగ్గరకే తిరిగి వచ్చాను. 500 మెగావాట్ల యూనిట్‌కు ఇలా నింపాను.

1. మొదటి బిందువు 275 మెగావాట్లు: క్యూ గరిష్ఠం 440, కనిష్ఠం −164.

2. రెండో బిందువు 500 మెగావాట్లు: క్యూ గరిష్ఠం 310, కనిష్ఠం −164.

3. నాలుగో నిలువు వరుసలోని మామూలు క్యూ గరిష్ఠం 440, అయిదో దానిలోని కనిష్ఠం −164.

రోటార్ హద్దు అసలు వక్రం బయటికి ఉబ్బి ఉంటుంది కనుక రెండు బిందువులను కలిపే సరళరేఖ దానికి లోపలే పడుతుంది. అంటే తప్పు జరిగినా జాగ్రత్త వైపే జరుగుతుంది. 440 నా ఊహ మీద కట్టిన సంఖ్య. వాస్తవ పనికి తయారీదారు ఇచ్చిన క్యాపబిలిటీ వక్రం నుంచి చదువుకోవాలి. లీడింగ్ వైపు −164ను తక్కువ లోడ్ వద్ద కూడా పెంచలేదు. అక్కడ హద్దును నిర్ణయించేది స్టేటర్ చివరి భాగపు వేడి, సింక్రనిజం తప్పే ప్రమాదం. వాటిని అంచనాతో వదులు చేయడం నాకు సమ్మతం కాదు.

సింక్రనస్ కండెన్సర్లకు పవర్ ఫ్యాక్టర్ వరుసలు పూర్తిగా తీసేసి, గరిష్ఠ పీ సున్నా చేసి, క్యూ పెట్టెను (పీతో ముడిపడని క్యూ కనిష్ఠ, గరిష్ఠాలను) అలాగే ఉంచాను. విసనకర్ర షరతు చివరకు నిలిచింది సౌర కేంద్రానికి మాత్రమే. ఇన్వర్టర్లతో గ్రిడ్‌లో కలిసే కేంద్రాలకు ఆ 2007 ప్రమాణాల 2013 సవరణలో 0.95 ల్యాగింగ్ నుంచి 0.95 లీడింగ్ పరిధి చెప్పారు, నా నమూనాలో ఆ కేంద్రం పవర్ ఫ్యాక్టర్ పద్ధతిలోనే నడుస్తుందని తీసుకున్నాను. 25 మెగావాట్ల వద్ద హద్దు 8.22 ఎంవార్, 12 వద్ద 3.94, ఉదయం 5 వద్ద 1.64, రాత్రి సున్నా. ఈ షరతు లేనప్పుడు సాల్వర్ అర్ధరాత్రి సూర్యుడు లేని సౌర కేంద్రం నుంచి 8 ఎంవార్ వాడుకుంది. రాత్రి కూడా రియాక్టివ్ పవర్ ఇచ్చే ఇన్వర్టర్లు ఉన్నాయి. అటువంటి ఒప్పందం ఉంటే పెట్టె షరతే సరి.

ఒక చిన్న తప్పు కూడా రాయాలి. ఒక ప్రయోగంలో 14 బస్సుల కేసులోని మొదటి యంత్రానికి ‘0.95కు తగ్గకూడదు’ అనడానికి బదులు ‘సరిగ్గా 0.95’ అని సమీకరణం పెట్టాను. దాని పాత క్యూ గరిష్ఠం 10 ఎంవార్ అన్న సంగతి మరిచాను. 10ని 0.3287తో భాగిస్తే 30.42. అంతకుముందు 194 మెగావాట్లు ఇచ్చిన యంత్రం 30 దగ్గర ఇరుక్కుపోయి, ఖరీదైన యంత్రాలు లేచాయి. సాల్వర్ దీన్ని తప్పుగా చూపదు, జవాబు ఇచ్చేస్తుంది. సమీకరణం పెట్టేవారు క్యూ పెట్టెను ముందుగా వెడల్పు చేసుకోవాలి.

ఇప్పటివరకు: రన్‌లు 44, కన్వర్జ్ అయినవి 28, కాలం 23 గంటలు.

దశ 7: ఆపిన యూనిట్లు, బ్యాటరీ

మూడో థర్మల్ యూనిట్‌ను ఆపి నడిపితే మాత్రిక పరిమాణం సరిపోలేదని తప్పు వచ్చింది. మ్యాట్‌పవర్ ఆగిపోయిన యూనిట్ల వరుసలను లోపలి లెక్క నుంచి తీసేస్తుంది. నేను పరిమాణం ఒక్కటే సర్ది, వరుస సంఖ్యలను వదిలేశాను. దాంతో సౌర కేంద్రానికి పెట్టిన షరతు దాని పక్క యంత్రానికి పడింది. ఏ సందేశమూ లేదు. క్యూని పీతో భాగించి అచ్చువేసే ఆ నాలుగు వరుసలే మళ్ళీ పట్టిచ్చాయి. ఇప్పుడు ప్రతి యంత్రానికీ షరతు రకం చెప్పే గుర్తును ఒక విడి పట్టికలో ఉంచి, జనరేటర్ల పట్టికతో పాటు దాన్ని కూడా లోపలి క్రమానికి మార్పిస్తున్నాను. అందుకు కావలసిన ఫంక్షన్ మ్యాట్‌పవర్‌లోనే ఉంది.

బ్యాటరీతో ఎక్కువ కాలం పోయింది. 10 మెగావాట్ల బ్యాటరీకి పీ హద్దులు −10, +10 ఇచ్చి 0.95 విసనకర్ర పెట్టాను. 6 మెగావాట్లతో ఛార్జ్ చేయమంటే, క్యూ −1.97కు మించకూడదు, +1.97కు తగ్గకూడదు అని రెండు గీతలూ ఒకేసారి చెప్పాయి. ఇది జరగని పని. పీని బిగించినప్పుడు లెక్క విఫలమైంది కనుక తెలిసింది. పీని స్వేచ్ఛగా వదిలినప్పుడు మాత్రం బ్యాటరీ ఎన్నడూ ఛార్జ్ కాకుండా ఊరుకుంది, ధరల వల్లనే కాబోలు అని నేను రెండు రోజులు నమ్మాను.

బ్యాటరీని రెండు యంత్రాలుగా విడదీశాను. ఒకటి డిశ్చార్జ్ వైపు మామూలు విసనకర్రతో, రెండోది ఛార్జ్ వైపు గీతల గుర్తులు తిప్పి. కన్వర్జ్ అయింది, కానీ ఒక గంటలో అది 5 మెగావాట్లతో ఛార్జ్ అవుతూ అదే గంటలో 5 మెగావాట్లతో డిశ్చార్జ్ అయింది. నికరంగా పీ సున్నా. ప్రతి సగానికీ 1.64 ఎంవార్ అనుమతి వచ్చి మొత్తం 3.29 ఎంవార్ సంపాదించుకుంది. షరతులో ఉన్న సందును సాల్వర్ నిజాయితీగా వాడుకుంది. ఈ నమూనాలో ఛార్జింగ్ నష్టం పెట్టకపోవడం నా లోపమే అయినా, నష్టం పెట్టినప్పటికీ క్యూ ధర తగినంత పెరిగితే అది ఇదే పని మళ్ళీ చేస్తుంది.

చివరకు రెండు సగాలూ తీసేసి ఒకే యంత్రంగా ఉంచాను. పీ హద్దులు −10 నుంచి +10, క్యూ హద్దులు −3.29 నుంచి +3.29, పవర్ ఫ్యాక్టర్ వరుసలు లేవు. ఆ పెట్టె మూలలో కూడా ఎంవీఏ 10.53కు మించదు కనుక 10.6 ఎంవీఏ ఇన్వర్టర్ అనుకుంటే ఎక్కడా హద్దు దాటదు. 24 గంటల రన్‌లో బ్యాటరీ మధ్యాహ్నం ఛార్జ్ అయి, సాయంత్రం ఇచ్చింది. భాగహారపు పట్టికలో దాని వరుస పక్కన ‘పెట్టె’ అని, సౌర కేంద్రం పక్కన ‘విసనకర్ర’ అని, థర్మల్ యూనిట్ల పక్కన ‘వక్రం’ అని ఇప్పుడు అచ్చవుతోంది.

ఇప్పటివరకు: రన్‌లు 57, కన్వర్జ్ అయినవి 36, కాలం 29 గంటలు.